మల్గి ఎవరిది, భరణం ఎంత?

హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో ఒక మల్గి (దుకాణం) ఎవరిదని అడిగితే ఒక్క పేరుతో జవాబు చెప్పడం కష్టం. బోర్డు మీద తాతగారి పేరు ఉంటుంది. కిరాయి అగ్రిమెంటు మామగారి పేరున, జీఎస్టీ రిజిస్ట్రేషన్ పెద్దకొడుకు పేరున, బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా అన్నదమ్ములిద్దరి ఫర్మ్ పేరున నడుస్తుంటాయి. పగలంతా కౌంటర్ దగ్గర చీరలు విప్పి చూపించి, రాత్రికి గల్లా లెక్క సరిచూసే కోడలి పేరు చాలా ఇళ్ళలో ఏ కాగితం మీదా ఉండదు. కాపురం సాగినంతకాలం ఇది ఎవరికీ లోటుగా తోచదు. విడాకుల కేసు పడిన రోజు నుంచి మాత్రం లాయరు మొదట అడిగేది అదే: ఏ కాగితంలో ఎవరి పేరుంది?

వ్యాపారం పంచడం ఒక లెక్క, భరణం నిర్ణయించడం ఇంకో లెక్క. జనం ఈ రెండింటినీ కలిపేస్తారు. భార్యకు సగం వస్తుందని కొందరు, ఏమీ రాదని మరికొందరు ధీమాగా చెబుతారు. రెండు మాటలూ తప్పే. ఆ తప్పుల వల్ల నష్టపోయేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి, నిదానంగా విడదీసి చూద్దాం.

ఈ బజారు చరిత్రే కాగితంతో ముడిపడింది. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన ఈ వీధులు నిజాం రాజ్యంలో ఉంటూనే రెసిడెంటు అధికారం కింద నడిచాయి. ఆ రక్షణ చూసుకునే సాహుకార్లు, వర్తకులు ఇక్కడ కొట్లు పెట్టారు. 1933లో రెసిడెన్సీ బజార్లు నిజాంకు తిరిగి దక్కాక సుల్తాన్ బజార్ అనే పేరు వచ్చింది. తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న మల్గీలు ఇప్పటికీ ఉన్నాయి. పంపకాలు ఇక్కడ కొత్త కాదు. కానీ ఆ పంపకాలన్నీ అన్నదమ్ముల మధ్య, తండ్రీకొడుకుల మధ్య జరిగినవి. భార్యాభర్తల మధ్య వ్యాపారం పంచే పద్ధతి బజారులోనూ లేదు, చట్టంలోనూ లేదు.

మన చట్టంలో లేదన్నది దాదాపు అక్షరాలా నిజం. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో పెళ్ళయ్యాక సంపాదించినది దంపతులిద్దరిదీ అనే సూత్రం ఉంది. అక్కడ మోటెలో, సాఫ్ట్‌వేర్ కంపెనీయో నడిపే తెలుగు దంపతులు విడిపోతే, కాపురం చేసిన ఏళ్ళలో ఆ వ్యాపారం ఎంత పెరిగిందో లెక్కకట్టి పంచుతారు. కాలిఫోర్నియా కోర్టులు దీనికోసం 1909లో ఒక పద్ధతి, 1921లో మరో పద్ధతి స్థిరపరిచాయి. ఒకటి పెరుగుదలలో మనిషి శ్రమకు పెద్దపీట వేస్తుంది, రెండోది పెట్టుబడికి. ఇంగ్లండ్‌లో 2000లో వైట్ దంపతుల కేసు వచ్చింది. ఇద్దరూ కలిసి పాడి, వ్యవసాయం చేసుకున్నవాళ్ళు. సంపాదించినవారికి, ఇల్లు చూసుకున్నవారికి మధ్య తేడా చూపకూడదని, ఏ పంపకాన్నైనా సమానత అనే కొలబద్దతో సరిచూసుకోవాలని అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది.

మన దగ్గర గోవాలో తప్ప ఇలాంటి ఏర్పాటు లేదు. హిందూ వివాహ చట్టం 1955లో ఆస్తి గురించి ఉన్నది 27వ సెక్షన్ ఒక్కటే. పెళ్ళి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకల వరకే అది పనికొస్తుంది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది. లోక్‌సభలో నెగ్గకుండానే 2014లో సభ గడువుతో పాటు మురిగిపోయింది. దాని సంగతి ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ గట్టిగా పట్టించుకోకపోవడం నా దృష్టిలో పెద్ద అన్యాయం.

కాబట్టి మన దేశంలో స్థూలంగా నియమం ఇది: పేరు ఉంటే వాటా, పేరు లేకపోతే భరణం.

ముందు పేరు సంగతి. దుకాణం భర్త ఒక్కడి సొంతమైతే, అంటే ప్రొప్రైటర్‌షిప్ అయితే, అందులో భార్యకు వాటా లేదు. మామగారు సొంతంగా కట్టుకున్న వ్యాపారమైతే ఆయన బతికుండగా కొడుక్కే హక్కు లేదు, ఇక కోడలి మాట ఎక్కడిది?

హిందూ అవిభక్త కుటుంబం పేరున నడిచే పాత వ్యాపారాల్లో విషయం ఇంకొంచెం లోతుగా ఉంటుంది. ఆ కుటుంబంలో పుట్టినవారికి పుట్టుకతో హక్కు వస్తుంది, కోడలుగా వచ్చినవారికి రాదు. తండ్రీకొడుకులు పంచుకునేటప్పుడు భార్యకూ ఒక భాగం ఇవ్వాలనే నియమం ఉత్తరాది శాఖల్లో ఉంది కానీ, దక్షిణాదిన అది ఎప్పుడో వాడుక తప్పింది. అయితే చాలామంది గమనించనిది ఒకటుంది. కోడలికి లేని హక్కు ఆమె పిల్లలకు ఉంటుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కొడుకైనా కూతురైనా ఆ హక్కు సమానమే. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో దీన్ని ఇంకా స్పష్టం చేసింది. పిల్లలు మైనర్లయితే వారి మేలు కోసం తల్లి వారి తరఫున పంపకం దావా వేయవచ్చు. వ్యాపారం నిజంగా పిత్రార్జితమని రుజువైతే భర్త వాటాను ఒంటరిగా చూడటం కుదరదు, అందులో పిల్లల భాగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇదే చట్టం ఆమె పుట్టింటి దుకాణం విషయంలో వేరుగా మాట్లాడుతుంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 ఆంధ్రప్రదేశ్ సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి ఆ హక్కు 2005లో వచ్చింది. అత్తింట ఇరవై ఏళ్ళు కొట్టు నడిపిన మనిషికి అక్కడ వాటా లేదు, పెళ్ళయ్యాక గడప తొక్కని పుట్టింటి ఉమ్మడి కొట్టులో ఉంది. విడాకులు ఆ పుట్టింటి హక్కును ఏమాత్రం తగ్గించవు.

భాగస్వామ్య ఫర్మ్ అయితే భార్య నిలబడటానికి నేల దొరుకుతుంది. ఆమె పేరు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఉంటే, పన్ను తగ్గించుకోవడానికే చేర్చామని ఇప్పుడు చెప్పినంత మాత్రాన ఆ హక్కు పోదు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం డీడ్‌లో వేరుగా రాసుకోకపోతే లాభాల్లో వాటాలు సమానం. ఆమె బయటికి వచ్చాక లెక్క తేల్చకుండా మిగిలినవారు వ్యాపారం నడిపిస్తే, 37వ సెక్షన్ ఆమెకు రెండు దారులు ఇస్తుంది: తన సొమ్ము వాడుకుని సంపాదించిన లాభంలో భాగమైనా అడగవచ్చు, ఏడాదికి 6 శాతం వడ్డీ అయినా అడగవచ్చు. ఏది కోరుకోవాలో ఆమె ఇష్టం. ఫర్మ్‌లో ఉన్నది భార్యాభర్తలిద్దరే అయితే ఒకరు తప్పుకోగానే అది ఫర్మ్‌గా ఉండదు, రద్దయి లెక్కలు తేలాలి. ఫర్మ్ రిజిస్టర్ కాలేదని భయపెట్టేవారు ఉంటారు. రిజిస్టర్ కాని ఫర్మ్ మీద భాగస్వామి మామూలు దావాలు వేయలేని మాట నిజమే. కానీ ఫర్మ్ రద్దు కోరడానికి, రద్దయిన ఫర్మ్ లెక్కలు అడగడానికి ఆ అడ్డంకి లేదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఆమెకు షేర్లు ఉంటే దారి వేరు. పదో వంతు వాటా ఉన్న షేర్‌హోల్డరు, అణచివేత జరిగిందని హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. సుల్తాన్ బజార్ కొట్లలో కంపెనీలు తక్కువ కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఇక ఎక్కువ ప్రమాదం ఉన్న చోటు. లోను సులువుగా వస్తుందనో, పన్ను కలిసొస్తుందనో దుకాణాన్ని భార్య పేరున పెట్టి, నడిపేది మాత్రం భర్త అయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ విడాకుల తర్వాత ఆస్తి కన్నా ముందు అప్పు ఆమె తలుపు తడుతుంది. జీఎస్టీ బకాయి, ఆమె సంతకంతో వెళ్ళి బౌన్సయిన చెక్కు, సూరత్ వ్యాపారికి బాకీ, అన్నీ ప్రొప్రైటర్‌గా ఆమెవే. భాగస్వామి అయినా సరే, తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే బయటివారి దృష్టిలో బాధ్యత కొనసాగుతుంది. రిజిస్టర్ అయిన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలపాలి, గెజిట్‌లోనూ, ఆ జిల్లాలో చదివే స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన వేయాలి. జీఎస్టీ కమిషనర్‌కు నెలలోపు తెలపకపోతే, తెలిపిన తేదీ వరకూ పన్ను బాధ్యత ఆమె మీదే ఉంటుంది. బ్యాంకు లోనుకు ఆమె ఇచ్చిన పూచీ విడాకుల డిక్రీతో రద్దు కాదు, బ్యాంకు లిఖితంగా విడుదల చేస్తేనే పోతుంది. ఆస్తి కోసం పోరాడేటప్పుడు వీటిని వాయిదా వేయకూడదు.

పేరు లేకపోయినా ఆమెదని చెప్పగలిగేది ఒకటుంది, బంగారం. దసరా సరుకు కోసమనో, పెళ్ళిళ్ళ సీజన్ కోసమనో భార్య నగలు తాకట్టు పెట్టి స్టాకు తెప్పించని కొట్టు ఈ బజారులో అరుదు. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కేరళ నుంచి వచ్చిన కేసులో ఆ మాట మళ్ళీ చెప్పి, 89 సవర్ల బంగారం పోగొట్టుకున్న మహిళకు 25 లక్షల రూపాయలు ఇప్పించింది. భర్త కష్టకాలంలో వాడుకోవచ్చు, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం అతనిదే. అదే సంవత్సరం ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, కూతురు అడగని స్త్రీధనాన్ని ఆమె తండ్రి కూడా అడగలేడని తేల్చింది, అంటే దాని మీద నిర్ణయం ఆమె ఒక్కదానిదే. తాకట్టు రసీదు, గోల్డ్ లోను స్టేట్‌మెంటు, నగలు కొన్న బిల్లు, పెళ్ళి ఫొటోలు, వీటిని దాచుకున్నవారి చేతిలో ఆధారం ఉంటుంది.

ఇప్పుడు విలువ కట్టడం. ఊరికే ఒక లెక్క అనుకుందాం. భార్యకు నాలుగో వంతు వాటా ఉన్న చీరల ఫర్మ్. కొన్న ధరకు స్టాకు 40 లక్షలు, రావలసిన ఉద్దెర 12 లక్షలు, మల్గి డిపాజిట్ 15 లక్షలు, నగదు 3 లక్షలు. మొత్తం 70 లక్షలు. ఇవ్వాల్సినవి: సరుకు బాకీలు 18 లక్షలు, బ్యాంకు 12 లక్షలు. నికరంగా మిగిలేది 40 లక్షలు, ఆమె వంతు 10 లక్షలు. కాగితం మీద ఇది తేలిక. గొడవంతా ఆ అంకెల వెనక ఉంటుంది. 40 లక్షల స్టాకులో రెండేళ్ళ కిందటి డిజైన్లు ఎన్ని? ఉద్దెరలో నిజంగా వసూలయ్యేది ఎంత? లెక్క ఏ తేదీకి కట్టాలి? దసరాకు ముందు కొట్టు నిండుగా, బాకీలు కూడా నిండుగా ఉంటాయి. దీపావళి దాటాక చేతిలో నగదు ఎక్కువ, సరుకు తక్కువ. పుస్తకాలు మూసే మార్చి 31ని తేదీగా పెట్టుకుంటే వాదన కొంత తగ్గుతుంది.

వీటన్నిటికన్నా పెద్దది గుడ్‌విల్. ఆ వీధిలో, ఆ మూలన ఉన్న కొట్టుకు వచ్చే గిరాకీ విలువ అది. మెట్రో వస్తే మల్గీలు పోతాయని ఏళ్ళ తరబడి ఇక్కడి వర్తకులు ఆందోళన చేశారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మార్గం ప్రారంభమై సుల్తాన్ బజార్ స్టేషన్ తెరుచుకుంది. ఇలాంటి మార్పు గిరాకీని పెంచిందా, తగ్గించిందా అన్నది ఒక్కో కొట్టుకు ఒక్కో రకంగా ఉంటుంది. గుడ్‌విల్ లెక్కకట్టడానికి గత కొన్నేళ్ళ సగటు లాభాన్ని రెండింతలో మూడింతలో చేయడం చార్టర్డ్ అకౌంటెంట్లు వాడే మామూలు పద్ధతి. ఇక్కడొక జాగ్రత్త అవసరం. గుడ్‌విల్ అంటే రాబోయే లాభాల విలువే. ఆమెకు గుడ్‌విల్‌లో వాటా ఇచ్చి, అదే లాభాన్ని మళ్ళీ భర్త ఆదాయంగా చూపి భరణం లెక్కకడితే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. వాటా కొట్టు విలువ నుంచి, భరణం ఆమె అవసరం నుంచి, పిల్లల అవసరం నుంచి రావాలి.

ఇక భరణం. దీనికి స్థిరమైన సూత్రం లేదు. భర్త నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది కానీ, అది జీతం తీసుకునేవారి లెక్క. కొట్టు నడిపేవారికి జీతం చీటీ ఉండదు. 2020 నవంబరు 4న రజనీష్, నేహ కేసులో జస్టిస్ ఇందు మల్హోత్రా, మన తెలంగాణ నుంచి వెళ్ళిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చిన తీర్పు ఈ లోటు చాలావరకు తీర్చింది. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు చూపిస్తూ అఫిడవిట్ వేయాలి. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కించాలి. మధ్యంతర భరణం నాలుగు నుంచి ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. ఇద్దరి హోదా, ఆమె చదువు, సంపాదన, పెళ్ళి కోసం వదులుకున్న ఉద్యోగం, పిల్లల చదువు, అతని బాధ్యతలు, అన్నీ చూడాలి.

భర్త తన ఐటీ రిటర్నులు చూపి ఏడాదికి నాలుగు లక్షలే వస్తాయని చెప్పడం మామూలు. 2022లో జస్టిస్ డి.వై. చంద్రచూడ్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, భార్యాభర్తల తగాదాల్లో ఆదాయం తగ్గించి చూపే ధోరణి ఉంటుందని, ఐటీ రిటర్నే చివరి మాట కాదని తేల్చారు. అదే ఏడాది మరో కేసులో వ్యాపారం మూతపడిందన్న భర్త వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాలంది.

అసలు ఆదాయం ఎక్కడ కనబడుతుంది? నా అభిప్రాయంలో అన్నిటికన్నా గట్టి ఆధారం సీసీ లోను కోసం బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటు. లోను కావాలంటే సరుకు ఎక్కువ చూపాలి, భరణం తగ్గాలంటే వ్యాపారం తక్కువ చూపాలి. ఒకే మనిషి సంతకంతో ఉన్న ఆ రెండు కాగితాలను న్యాయమూర్తి ముందు పక్కపక్కన పెడితే చాలు. ఆ తర్వాత జీఎస్టీ రిటర్నులు, క్యూఆర్ కోడ్‌తో వచ్చిన యూపీఐ జమలు, స్టాకుకు తీసుకున్న అగ్నిప్రమాద బీమా మొత్తం, పిల్లల స్కూలు ఫీజు. ఇవి ఆమె చేతికి అందకపోతే కోర్టు ద్వారా తెప్పించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈ చర్చలో హైదరాబాద్ కేసు ఒకటి దేశమంతా ప్రభావం చూపింది. విడాకులు పొందిన ముస్లిం మహిళకు ఇక్కడి ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2024 జులై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ భరణం ఇప్పించే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ ముస్లిం మహిళలకూ వర్తిస్తుందని తేల్చారు. ఆ సెక్షనే ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144. గృహిణికి ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు అందుబాటులో ఉండాలని జస్టిస్ నాగరత్న ఆ తీర్పులో ప్రత్యేకంగా రాశారు. ఆబిడ్స్, నాంపల్లి కొట్లలో ఏ మతం వారి గృహిణికైనా ఇది అవసరమైన మాట.

ఈ సెక్షన్ కింద వచ్చిన భరణం బాకీ పడితే వారంటు కోసం ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. ఏడాది దాటిన బాకీకి ఆ దారి మూసుకుపోతుంది. ఎప్పుడో ఇస్తాడులే అని ఊరుకున్నవారు ఇక్కడే నష్టపోతారు.

కింద మల్గి, పైన ఇల్లు ఉన్న కుటుంబాల్లో ఇంకో ప్రశ్న వస్తుంది. ఇల్లు మామగారి పేరున ఉంది కాబట్టి కోడలు వెళ్ళిపోవాలా? కేసు నడుస్తున్న కాలంలో అలా గెంటేయడం కుదరదు. కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా గృహహింస చట్టం కింద నివాస హక్కు అడగవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చాలా కేసులు చివరికి రాజీలోనే ముగుస్తాయి. ఒక్కసారిగా పెద్ద మొత్తం అడిగితే కొట్టులో సరుకు ఖాళీ అవుతుంది, కొట్టు కుంటుపడితే పిల్లలకు రావలసిన నెలసరి సొమ్ముకూ ఎసరు. కొట్టు సీజన్లను బట్టి వాయిదాలు పెట్టుకోవడం ఇద్దరికీ మంచిది. అయితే మాట మీద కాదు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ప్రకారం భర్త స్థిరాస్తి మీద ఛార్జి పెట్టి భరణానికి భద్రత కల్పించమని కోర్టును కోరవచ్చు. పరస్పర అంగీకార విడాకుల్లో రెండో దఫా కోర్టులో ఒప్పుకునే నాటికి చివరి వాయిదా చేతికి అందేలా రాసుకోవాలి, డిక్రీ వచ్చేదాకా ఒప్పుకోలును వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది. నెలసరి భరణమైతే పెంపు కూడా రాసుకోవాలి: 2025 మేలో సుప్రీంకోర్టు ఒక కేసులో నెలకు 50,000 ఇస్తూ, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచమంది. భర్త ఎంత ధనవంతుడైతే అంత సమానంగా పంచాలన్న వాదనను మాత్రం 2024 డిసెంబరులో అదే కోర్టు తోసిపుచ్చింది. పెద్దమనుషుల సమక్షంలో పిల్లల భరణం వదులుకుంటున్నానని తల్లి సంతకం పెట్టినా అది చెల్లదు, ఆ హక్కు పిల్లలది.

కేసుల్లో పడ్డవారికి ఒక మాట. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987, 12వ సెక్షన్ ప్రకారం ప్రతి మహిళకూ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా లాయరును ఇవ్వాలి. పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో కేసు ఉన్నవారు సిటీ సివిల్ కోర్టు న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఆ పని చేయండి.

కాపురం సవ్యంగా సాగుతున్న ఇళ్ళవారికి నా మనవి వేరు. మీ కొట్టులో మీ ఇంటి ఆడపడుచో, భార్యో, కోడలో పని చేస్తుంటే, ఈ మార్చి 31లోపు ఆమెను జీతం రిజిస్టరులోనో, పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లోనో చేర్చండి. వ్యాపారంలో పెట్టిన ఆమె బంగారాన్ని ఆమె పేరున అప్పుగా పుస్తకాల్లో రాయండి.